ఎండ మండిపోతున్నా, లైను పోగానే సోలార్ ఎందుకు ఆగిపోతుంది?

రాజాం_డాబా
డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 78 వేల సబ్సిడీ వచ్చింది, బిల్లు తగ్గింది, అంతవరకు బాగానే ఉంది. బాధ వేరే. మధ్యాహ్నం ఎండ నెత్తి మాడ్చేస్తుంటే లైను పోతుంది, దాంతోపాటు నా సోలారూ పడుకుంటుంది. ఫ్యాను కూడా తిరగదు. పెట్టిన కుర్రాణ్ని అడిగితే "అంతే సార్, గ్రిడ్ ఉంటేనే పనిచేస్తుంది" అన్నాడు. కరెంటు లేనప్పుడు పనికిరాని కరెంటు మిషన్ ఏటండీ ఇది? పైగా లైను వచ్చాక కూడా కాసేపు ఆగి గానీ స్టార్ట్ అవ్వదు. నా ఇన్వర్టర్ లోపమా, అందరికీ ఇంతేనా?

వీధిదీపం
మీకు బిల్లయినా తగ్గింది. మా వీధిలో లైనూ పోతుంది, బిల్లూ తగ్గదు.

లైన్‌మన్_కొడుకు
లోపం కాదు, అలా ఆగకపోతేనే లోపం. మా నాన్న సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామనే అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కేవారు. ఎల్‌సీ ఇచ్చారంటే పైన లైను చచ్చినట్టే అని నమ్మకం. అప్పుడు మీ డాబా మీది 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్తే, అటువైపు అది 11 వేలు. ఎర్తు రాడ్డు వేయకుండా చెయ్యి పెట్టినవాడి గతి చెప్పక్కర్లేదు. అందుకే లైను పోయిన 2 సెకన్లలోపు ఇన్వర్టర్ ఆగిపోవాలని ప్రమాణం. పెళ్లిళ్లలో జనరేటర్‌ని ఛేంజ్‌ఓవర్ (బయటి లైనును విడదీసే స్విచ్చు) లేకుండా బోర్డుకి తగిలించేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రాజాం_డాబా
లైన్‌మన్ ప్రాణం ముందు, ఫ్యాను తర్వాత. ఒప్పుకున్నా. కానీ నేను ఇంటి మెయిన్ దింపేస్తే? బయటికి వెళ్లే దారే ఉండదు కదా. అప్పుడైనా తిరగాలిగా?

బొబ్బిలి_తంత్రి
తిరగదు. భజనలో శ్రుతిపెట్టె వింటూ పాడేవాడు ఉంటాడు చూశారా, పెట్టె ఆగితే ఎక్కడ ఎత్తుకోవాలో తెలీక నోరు మూసుకుంటాడు. మీ ఇన్వర్టర్ అలాంటిదే. గ్రిడ్‌లో వచ్చే 50 హెర్ట్జ్ తరంగాన్ని వింటూ దానికి కలుపుతుంది. సొంతంగా శ్రుతి పట్టే రకం వేరే ఉంది, దాన్ని గ్రిడ్ ఫార్మింగ్ అంటారు. మీది గ్రిడ్ ఫాలోయింగ్.

వీధిదీపం
మా కోవెల్లో పెట్టె ఆగినా పాడతారు గురూ. అదే సమస్య.

రిలే_మాస్టారు
తంత్రి చెప్పినదానికి తోడు ఇంకో కారణం ఉంది. పలకల నుంచి వచ్చేది ఎండ ఎంతుంటే అంత. ఇంట్లో వాడకం ఇంకెంతో. ఆ హెచ్చుతగ్గుల్ని ఇప్పుడు గ్రిడ్ సర్దుకుంటోంది. మెయిన్ దింపితే సర్దేవాడు ఉండడు. ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు మామూలుగా లాగేదానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఇన్వర్టర్ ఇవ్వగలిగింది తన రేటింగ్ మీద పదో ఇరవయ్యో శాతం ఎక్కువ, అంతకు మించి ఇస్తే లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అందుకే మీకు కావలసింది బ్యాటరీ, దానితో గ్రిడ్ లేకపోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లైనును విడదీసే ఛేంజ్‌ఓవర్. కాసేపు ఆగి స్టార్ట్ అవ్వడం కూడా కావాలని పెట్టిందే. వచ్చిన లైను వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది.

అసలు విచిత్రం వేరే చోట ఉంది. ఇంటి సోలార్‌కి "లైను చెడితే ఆగిపో" అంటాం. వంద మెగావాట్ల ప్లాంటుకి "లైను చెడినా ఆగితే ఊరుకోం" అంటాం.

ఈఈఈ_ఫైనలియర్
ఎల్‌వీఆర్‌టీ (లో వోల్టేజ్ రైడ్ త్రూ, వోల్టేజీ కుంగినా ప్లాంటు ఆగకుండా నిలబడటం) గురించేనా సర్? సిలబస్‌లో ఉంది, ఒక పేరాగ్రాఫ్. రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ అర్థం కాలేదు.

రిలే_మాస్టారు
అదే. ఎక్కడో 400 కేవీ లైను మీద పిడుగు పడింది అనుకో అమ్మా. ఆ చుట్టుపక్కల వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది. 400 కేవీలో ఫాల్టును 100 మిల్లీసెకన్లలో తెంచాలి, 220, 132 కేవీల్లో 160లో. అంటే రెప్పపాటు కూడా కాదు. ఆ కాస్త సమయంలో "వోల్టేజీ లేదు, నేను పోతా" అని ప్లాంట్లన్నీ తప్పుకుంటే, లైను బాగుపడేసరికి కరెంటు ఇచ్చేవాడు ఉండడు. ఒక లైను ఫాల్టు కాస్తా వెయ్యి మెగావాట్ల లోటు అవుతుంది.

అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉంది: వోల్టేజీ 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్లు పట్టుకుని ఉండాలి. 3 సెకన్లలో 85 శాతానికి కోలుకునే గీత ఒకటి గీశారు, దానిపైన ఉన్నంతసేపు ట్రిప్ కాకూడదు, అంటే తప్పుకోకూడదు. 300 ఎందుకంటే, లైనును తెంచే స్విచ్చు, అదే బ్రేకర్, ఒకవేళ మొరాయిస్తే వెనకాల బ్రేకర్లు తెంచడానికి ఇంకో వంద, రెండు వందల మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్క కలిపారు. 2013లో ఇది గాలిమరలకు వచ్చింది, 2019 సవరణలో సోలార్‌తో సహా ఖాయం చేసి, వోల్టేజీ పెరిగినప్పుడు ఎలా ఉండాలో కూడా చేర్చారు. 110 నుంచి 120 శాతం వరకు 2 సెకన్లు, 120 నుంచి 130 వరకు 0.2 సెకను ఓర్చుకోవాలి.

ఊరికే అంటిపెట్టుకుని ఉంటే కూడా చాలదు. ఆ కుంగిన సమయంలో రియాక్టివ్ కరెంటు (పని చేయదు గానీ వోల్టేజీని నిలబెట్టే కరెంటు) తోసి వోల్టేజీని పైకి లేపడానికి సాయపడాలి.

నాగావళి_ఒడ్డు
ఎన్ని గీతలు గీసినా, సోలారూ గాలీ ఎక్కువైతే గ్రిడ్ నిలవదు అనేది నా మాట మాస్టారూ. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటి. మధ్యాహ్నం 12:33కి, సోలార్ దంచి కొడుతున్నప్పుడే. పరవాడ సింహాద్రి థర్మల్ ప్లాంటులో ఆ టన్నుల కొద్దీ రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఉండే భరోసా ఈ అద్దం పలకల్లో ఎక్కణ్నుంచి వస్తుంది?

గరివిడి_షిఫ్ట్
నాగావళి గారి మాటలో సగం నిజం ఉంది. ఫర్నేసులు నడిపే ప్లాంట్లలో పనిచేసేవాణ్ని. సరఫరా వైపు గ్రిడ్ గట్టిగా ఉంటే ఫర్నేసు ఎలక్ట్రోడ్ లాగే కరెంటు ఎంత ఊగినా లైట్లు మిణుకు మనవు. బలహీనంగా ఉంటే ఊరంతా తెలిసిపోతుంది. ఆ గట్టితనం పెద్ద జనరేటర్ల వల్ల వచ్చేదే. ఇన్వర్టర్ వల్ల రాదు.

ఈఈఈ_ఫైనలియర్
స్పెయిన్ విషయం అలా తేల్చేయకండి సర్. అక్కడ మొదట చెడింది ఫ్రీక్వెన్సీ కాదు, వోల్టేజీ. పడిపోలేదు, పెరిగిపోయింది. పెరిగిన వోల్టేజీకి ప్లాంట్లు ట్రిప్పయ్యాయి, అవి పోయేసరికి ఇంకా పెరిగింది, ఇంకొన్ని పోయాయి. సోలార్, గాలి ప్లాంట్లు చాలావరకు ఫిక్స్‌డ్ పవర్ ఫ్యాక్టర్‌లో నడుస్తున్నాయి, అంటే వోల్టేజీని సర్దే పని వాటికి అప్పగించనే లేదు. ఆ పని అప్పగించిన పాతరకం జనరేటర్లు కొన్ని కూడా పీల్చుకోవలసినంత రియాక్టివ్ పీల్చుకోలేదు. సుమారు 15 వేల మెగావాట్లు 5 సెకన్లలో పోయాయి. ఇన్వర్టర్ చేయగలిగిన పనిని దానికి చెప్పకపోతే తప్పు ఇన్వర్టర్‌దా?

వీధిదీపం
అమ్మాయి ఒక పేరాగ్రాఫ్ అంది, పుస్తకమే విప్పింది.

నాగావళి_ఒడ్డు
అమ్మా, తప్పు ఎవరిదన్నది కోర్టు గొడవ. చీకటైంది, అది చాలు నాకు.

రిలే_మాస్టారు
చీకటే లెక్కయితే 2012 జూలై 30, 31 గుర్తు తెచ్చుకోండి. మొదటిరోజు ఉత్తర గ్రిడ్. రెండోరోజు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ. 60 కోట్ల మందికి పైగా. అప్పటికి సోలార్ మన దేశంలో లెక్కలోకి వచ్చేంత లేదు. లైన్ల మీద భారం ఎక్కువై, ఒక లైను తప్పుకుంటే పక్క లైను మీద పడి, వరసగా పోయాయి. టన్నుల రోటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి అప్పుడు.

నాగావళి_ఒడ్డు
మనకి పోలేదుగా?

రిలే_మాస్టారు
పోలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే తాళంలో లేదు. గాజువాకలో తూర్పుకీ దక్షిణానికీ మధ్య బ్యాక్ టు బ్యాక్ హెచ్‌వీడీసీ ఉండేది, ఇప్పటికీ ఉంది. ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీ చేస్తుంది, కాబట్టి అటువైపు ఫ్రీక్వెన్సీ కల్లోలం ఇటు రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. లాభం పెద్దది, ఒకచోట వెయ్యి మెగావాట్లు పోతే దేశమంతా పంచుకుంటుంది. ఇప్పుడు అనంతపురంలో పెద్ద ప్లాంటు జారితే సింహాద్రిలో టర్బైన్ వేగాన్ని సర్దే గవర్నరూ స్పందిస్తుంది, పంజాబ్‌లో జారినా స్పందిస్తుంది.

పలాస_పిక్క
2012లో గ్రిడ్ పడకపోయినా మనకి రోజూ కోతలే కదా, ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు. అప్పుడు మా జీడి బట్టీల దగ్గర జనరేటర్ మోతకి మాట వినపడేది కాదు.

గాలిమర
మాది టెక్కలి, ఉద్యోగం అనంతపురం వైపు విండ్ ఫామ్‌లో. ఈ చర్చకు సరిగ్గా సరిపోయేది దక్షిణ ఆస్ట్రేలియా కథ. మాకు ట్రైనింగ్‌లో పాఠంలా చెబుతారు. 2016 సెప్టెంబర్ 28. తుఫానుతో పాటు సుడిగాలులు వచ్చి 275 కేవీ టవర్లను పడగొట్టాయి. రెండు నిమిషాల్లోపు ఆరు సార్లు వోల్టేజీ కుంగింది. గాలిమరలు మొదటిసారి తట్టుకున్నాయి, రెండోసారీ తట్టుకున్నాయి. కానీ చాలా మరల్లో ఒక సెట్టింగ్ ఉంది: రెండు నిమిషాల్లో ఇన్నిసార్లకు మించి కుంగితే ఆగిపో అని. ఆ అంకె దాటగానే తొమ్మిది విండ్ ఫామ్‌లలో కలిపి 456 మెగావాట్లు తగ్గిపోయాయి. ఆ లోటంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద పడింది, అది తెగింది, రాష్ట్రం చీకటి. 8.5 లక్షల కనెక్షన్లు.

ఆ సెట్టింగ్ ఉందని గ్రిడ్ నడిపేవాళ్లకు ముందు తెలియదు. వాళ్ల దగ్గరున్న మోడల్‌లో అది లేదు. తర్వాత అంకె మార్చారు. మర అదే, గాలి అదే.

పలాస_పిక్క
ఇది చదువుతుంటే నాకు తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున మా మీదుగానే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలమట్టం. స్తంభాలు వరసగా వంగిపోయాయి. ఆ రాత్రి కరెంటు ఒక్కసారి పోలేదు. పోయింది, వచ్చింది, మిణుకు మంది, మళ్లీ పోయింది, ఆ తర్వాత ఇక రోజులపాటు లేదు. గాలిమర చెప్పింది అదే కదా, తుఫానంటే ఒక ఫాల్టు కాదు, ఫాల్టుల వరస. 2014లో హుద్‌హుద్‌కి విశాఖ, విజయనగరం వాళ్లూ చూశారు. మా తీరంలో రేపు పెద్ద సోలార్ ప్లాంట్లు వస్తే, ఒక ఫాల్టుకి తట్టుకుంటుందా అని అడిగితే చాలదు, ఆరు వరసగా వస్తే ఏం చేస్తుందని అడగాలి.

రిలే_మాస్టారు
పిక్క గారి ప్రశ్న మీటింగులో అడగవలసిన ప్రశ్న.

లైన్‌మన్_కొడుకు
తుఫానులో టవరే కూలితే ఇన్వర్టర్ ఎంత తెలివైనదైనా ఏం లాభం? తిత్లీ తర్వాత బయటి జిల్లాల నుంచి సిబ్బందిని తెచ్చి స్తంభాలు ఎత్తారు. నా ఓటు గట్టి స్తంభాలకు, ఎత్తులో కట్టిన సబ్‌స్టేషన్లకు. ఎలక్ట్రానిక్స్ తర్వాత.

గాలిమర
రెండూ వేరు వేరు పనులు బావా. స్తంభం పడితే మీ ఊరు పోతుంది. సెట్టింగ్ తప్పయితే పడని ఊళ్లు కూడా పోతాయి.

రాజాం_డాబా
నేను ఫ్యాను గురించి అడిగాను, ఆస్ట్రేలియా దాకా వెళ్లారు. పర్లేదు, కానివ్వండి, బాగుంది. నా 3 కిలోవాట్లతో గ్రిడ్‌కి వచ్చే లాభనష్టం ఏమీ ఉండదు కదా?

ఈఈఈ_ఫైనలియర్
మీ ఒక్కరిదే అయితే ఉండదు సర్. లక్షల డాబాలు ఒకే సెట్టింగ్‌తో ఉంటే ఉంటుంది. జర్మనీలో పాత ఇన్వర్టర్లన్నింటికీ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే ఆగిపో అని ఉండేది. డాబాల మీద కొంచెమే ఉన్న రోజుల్లో రాసిన రూలు. డాబాలు పెరిగాక లెక్క వేస్తే, ఆ 50.2 తాకిన క్షణంలో వేల మెగావాట్లు ఒకేసారి మాయమవుతాయని తేలింది. 2012 నుంచి 3 లక్షలకు పైగా ప్లాంట్లకు సెట్టింగ్ మార్పించారు. ఇప్పుడు ఒక్కసారిగా కాకుండా ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ మెల్లగా తగ్గిస్తాయి.

బ్రిటన్‌లో 2019 ఆగస్టు 9న పిడుగు పడింది. పిడుగుకి లైను వెంటనే కోలుకుంది. కానీ సముద్రంలోని హార్న్‌సీ విండ్ ఫామ్ 737 మెగావాట్లు పోయాయి, ఒక గ్యాస్ ప్లాంటు పోయింది, వాటితోపాటు ఊళ్లలో చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ప్లాంట్లు వందల మెగావాట్లు తప్పుకున్నాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి పడింది, 11 లక్షల మందికి కోత పడింది. ముప్పావు గంటలో కరెంటు ఇచ్చేశారు. రైళ్లు మాత్రం గంటల తరబడి నిలిచిపోయాయి, ఎందుకంటే కొన్ని కొత్త రైళ్లలో 49 కంటే తగ్గితే ఆగిపో అని ఉంది, మళ్లీ స్టార్ట్ చేయడానికి కొన్నింటికి టెక్నీషియన్ రావలసి వచ్చింది.

వీధిదీపం
ఈఈఈ అమ్మాయి జర్మనీ చూడకుండానే జర్మనీ డాబాలన్నీ ఎక్కేసింది.

గరివిడి_షిఫ్ట్
మాట్లాడేవాళ్లంతా ఇచ్చేవైపే చూస్తున్నారు. వాడేవైపు కూడా అంతే. 132 కేవీలో ఎక్కడో ఫాల్టు, వోల్టేజీ సగానికి పడితే కరెంటు తరంగం రెండుసార్లు ఊగేలోపు కాంటాక్టర్లు (మోటార్లకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చులు) టకటకా విడిపోతాయి. పంపులు, బ్లోయర్లు ఆగుతాయి. ఫాల్టు తెగి వోల్టేజీ వచ్చేసరికి లోడ్ సగం లేదు, కాబట్టి వోల్టేజీ మామూలు కంటే పైకి ఎగురుతుంది. అక్కడ ఇన్వర్టర్ పెరిగిన వోల్టేజీకి ట్రిప్పవుతుంది. మొదటి దెబ్బ తట్టుకుని రెండో దెబ్బకి పడిపోవడం అంటే ఇదే. మేము ముఖ్యమైన మోటార్ల కాంటాక్టర్లకు విడిపోకుండా కాసేపు పట్టి ఉంచే మాడ్యూల్స్ పెట్టించాం. రేటు పెద్దదేం కాదు. షిఫ్టులో తిట్లు తగ్గాయి.

నాగావళి_ఒడ్డు
సరే, సెట్టింగులన్నీ సరిచేశారు అనుకుందాం. రోటర్ బరువు సంగతి తేల్చండి. జనరేటర్ అయితే ఫాల్టులో తన రేటింగ్‌కి ఐదారు రెట్లు కరెంటు తోస్తుంది, మాస్టారే ఇన్వర్టర్‌కి రేటింగ్ మీద పదో ఇరవయ్యో శాతం ఎక్కువే అన్నారు. పదిశాతం ఎక్కువ ఇచ్చేవాడూ ఐదు రెట్లు ఇచ్చేవాడూ ఒకటేనా?

రిలే_మాస్టారు
ఒకటి కాదు. ఇది మీరు వేసిన ప్రశ్నల్లో గట్టిది. వెయ్యి మెగావాట్లు ఒక్కసారిగా పోతే ఫ్రీక్వెన్సీ ఎంత వేగంగా పడుతుందనేది తిరిగే బరువు మీద ఉంటుంది. మనకి మామూలు బ్యాండ్ 49.90 నుంచి 50.05. కిందకి పోతూ 49.4 తాకితే రిలేలు (లైనును కనిపెట్టి చూసే పరికరాలు) ఫీడర్లను, అంటే ఊళ్లకు వెళ్లే లైన్లను, వాటంతట అవే తెంచడం మొదలుపెడతాయి. బరువు తక్కువైతే అక్కడికి చేరే సమయం తక్కువ, గవర్నర్లు స్పందించేలోపే చేరిపోతుంది.

దీనికి మూడు దారులు నడుస్తున్నాయి. ఒకటి, సింక్రనస్ కండెన్సర్: టర్బైన్ లేని జనరేటర్, కరెంటు తయారు చేయదు, ఊరికే తిరుగుతూ బరువునీ ఫాల్టు కరెంటునీ వోల్టేజీనీ ఇస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియా వాళ్లు చీకటి తర్వాత నాలుగు పెట్టుకున్నారు. రెండు, బ్యాటరీలు: 2017లో అక్కడే హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్లది పెట్టారు, ఫ్రీక్వెన్సీ పడితే సెకనులో చిన్న వంతులో స్పందిస్తుంది, బాయిలర్‌కి అది సాధ్యం కాదు. మూడు, తంత్రి చెప్పిన గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు. ఇవి వోల్టేజీ తరంగాన్ని తామే పట్టి ఉంచుతాయి కాబట్టి బలహీనమైన గ్రిడ్‌లో కూడా నిలుస్తాయి. కానీ కరెంటు పరిమితి వీటికీ ఉంది, ఫాల్టులో ఆ పరిమితి తాకినప్పుడు ఎలా ప్రవర్తించాలనేదే ఇప్పుడు పరిశోధనంతా.

మన పక్కనే ఇంకొకటి ఉంది, ఎవరూ తలవరు: మాచ్‌కుండ్, సీలేరు. నీటి టర్బైన్లు. బరువుంది, తొందరగా పెంచొచ్చు, తగ్గించొచ్చు, అంతా చీకటైనప్పుడు గేటు తెరిచి మొదట లేవగలిగేవి ఆ రకం ప్లాంట్లే.

నాగావళి_ఒడ్డు
అంటే సోలార్ చవక అని చెప్పేటప్పుడు ఈ కండెన్సర్లూ బ్యాటరీల ఖర్చు కూడా కలిపి చెప్పాలి. చెప్పరు. నా గొడవ అదే.

గాలిమర
దానికి నేనూ చెయ్యెత్తుతా. ఆ పరికరాలకు డబ్బు ఎవరు కట్టాలో తేలకపోవడం వల్లే సగం ఆలస్యం.

ఈఈఈ_ఫైనలియర్
మాస్టారూ, ఇంకొక డౌట్. ఫాల్టు కరెంటు అంత తక్కువైతే మరి రిలేలకు ఫాల్టు వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఓవర్‌కరెంట్ రిలే ఐదు రెట్లు చూసి కదా కదిలేది?

రిలే_మాస్టారు
అక్కడే నా తల బొప్పి కట్టింది ఉద్యోగంలో చివరి ఏళ్లలో. గ్రిడ్ వైపు నుంచి వచ్చే కరెంటు చాలు కాబట్టి అటు రిలే పట్టేస్తుంది. ప్లాంటు వైపు రిలేకి మాత్రం అది ఎండ బాగా కాసినట్టు కనిపిస్తుంది. వోల్టేజీ, కరెంటు చూసి ఫాల్టు ఎంత దూరమో లెక్కగట్టే డిస్టెన్స్ రిలే అయితే ఇంకా తిక్క, జనరేటర్‌లా ఇన్వర్టర్ నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు (మూడు ఫేజులు సమానంగా లేనప్పుడు కనిపించే కరెంటు) సహజంగా ఇవ్వదు, సాఫ్ట్‌వేర్ ఎలా రాస్తే అలా ఇస్తుంది, దాంతో రిలే ఫాల్టు దిక్కు తప్పుగా చెప్పొచ్చు. అందుకే సోలార్ పార్కు నుంచి వచ్చే లైన్లకు లైన్ డిఫరెన్షియల్ మేలు. రెండు చివర్ల కరెంటు పోల్చి చూస్తుంది, ఎంత తక్కువైనా తేడా తేడాయే. మధ్యలో ఫైబర్ ఉండాలి, అంతే.

గరివిడి_షిఫ్ట్
ఫైబర్‌ని ఎలుకలు కొరికితే?

రిలే_మాస్టారు
డిస్టెన్స్ రిలేని బ్యాకప్‌గా ఉంచుతాం. ఎలుకలకి మాత్రం పిల్లిని ఉంచాలి, దానికి నిబంధన లేదు.

రాజాం_డాబా
హైబ్రిడ్‌కి మారాలంటే పాత ఇన్వర్టర్ తీసేయాలా, పక్కన బ్యాటరీ యూనిట్ తగిలిస్తే చాలా?

లైన్‌మన్_కొడుకు
రెండూ చేస్తారు. పాతది ఉంచి పక్కన బ్యాటరీ ఇన్వర్టర్ పెడితే, లైను పోయినప్పుడు అది శ్రుతి పట్టాలి, మీ పాతది దాని వెంట నడవాలి. బ్యాటరీ నిండిపోతే అది ఫ్రీక్వెన్సీ కొంచెం పెంచి పాతదాన్ని తగ్గమంటుంది. ఆ మాట మీ పాతదానికి అర్థమవుతుందో లేదో మోడల్ చూసి కొనండి. ఫ్యానులు, లైట్లు, ఫ్రిజ్ ఒక బోర్డు మీదకి విడదీయించండి, ఏసీ, మోటారు దాని మీద పెట్టకండి. ఛేంజ్‌ఓవర్ లేకుండా మాత్రం ఎవడు తగిలిస్తానన్నా ఇంట్లోకి రానివ్వకండి.